కబురు ఎక్కడ ఆగిపోతోంది?

2014 అక్టోబరు 12. ఇలాగే ఓ ఆదివారం. కాఫీ తాగుతూ పేపరు తిరగేయాల్సిన పూట ఇంటిల్లిపాదీ టీవీకి అతుక్కుపోయి కూర్చున్నాం. హుద్‌హుద్‌ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటుతోంది. గాలి వేగం గంటకు 170, 180 కిలోమీటర్లంటున్నారు. మా అక్క వాళ్లుండేది అక్కడే. పొద్దున తొమ్మిదింటికి మాట్లాడింది. ‘‘కిటికీలు ఊగిపోతున్నాయిరా, తర్వాత చేస్తా’’ అని పెట్టేసింది. అంతే! ఆ ‘తర్వాత’ నాలుగు రోజులకు గానీ రాలేదు.

ఆ నాలుగు రోజులూ మేం చేయని ప్రయత్నం లేదు. అక్క ఫోను, బావ ఫోను, మేనకోడలి ఫోను... దేనికి చేసినా ‘అందుబాటులో లేరు’ అంటూ అదే గొంతు. అమ్మ అయితే ఆ గొంతుతోనే పోట్లాడింది. టీవీలో చూస్తే ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. నాలుగో రోజు సాయంత్రం ఏదో తెలియని నంబరు నుంచి ఫోను. ‘‘తమ్ముడూ, మాకేం కాలేదు. అమ్మకు చెప్పు’’ అంది అక్క. హమ్మయ్య అనుకునేలోగా అవతల ఏడుపు!

ఏడ్చింది పోయిన కిటికీ అద్దాల గురించో, తడిసిన బీరువా గురించో కాదు. వాళ్ల వెనక వీధిలో పైవాటాలో ఓ రిటైరైన టీచరుగారు ఒక్కరే ఉంటారు. తుపాను రోజు గాలికి తలుపు ఊడి మీద పడి ఆవిడ కాలు విరిగింది. మూడో రోజు పాలవాడు పైకి వెళ్తే గానీ ఎవరికీ తెలియలేదు. ‘‘మా వంటింటి కిటికీలోంచి ఆవిడ బాల్కనీ కనిపిస్తుందిరా. మధ్యలో నలభై అడుగులు కూడా లేదు. ఆవిడ పిలిచారట కూడా. మా గొడవలో మేమున్నాం. ఎవరింట్లో ఎవరున్నారో అందరికీ తెలుసనుకున్నాం. చూడాల్సింది ఎవరన్నది మాత్రం ఎవరం అనుకోలేదు’’ అంది.

దేవుడి దయవల్ల ఆ టీచరుగారు కోలుకున్నారు. అక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. విశాఖ నుంచి హైదరాబాద్‌కు కబురు రావడానికి నాలుగు రోజులు పట్టిందంటే టవర్లు కూలిపోయాయని సరిపెట్టుకోవచ్చు. నలభై అడుగుల దూరానికి మూడు రోజులు ఎందుకు పట్టినట్టు? అక్కడ కూలిన టవరు ఏది?

తెలుసు... కానీ చేరలేదు

మన తీరానికి ఈ ప్రశ్న కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. తాటిచెట్టు ఎత్తున నీరొచ్చిందని ఆనాటివాళ్లు ఇప్పటికీ చెబుతారు. సుమారు పదివేల మంది ప్రాణాలు పోయాయి. అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాల్లో ఆ రోజు ఇంటికొక్కరు మిగిలిన కుటుంబాలున్నాయి. ఒక్కరూ మిగలని ఇళ్లూ ఉన్నాయి.

మరి తుపాను వస్తోందని ఎవరికీ తెలియదా? తెలుసు. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974లోనే ఏర్పడింది. సముద్రంలో వాయుగుండం ఉందన్న సంగతి వాతావరణశాఖకు తెలుసు. కాకపోతే ఆ తెలిసిన కబురు లంకల్లో, తీరం అంచున ఉన్న గుడిసెల దాకా వెళ్లాలంటే ఎన్ని చేతులు మారాలో ఆలోచించండి. ఆఫీసు నుంచి ఆఫీసుకు, అక్కడి నుంచి ఊరికి, ఊరి నుంచి వీధికి, వీధి నుంచి ఇంటికి. చాలా ఇళ్లకు అది చేరలేదు. చేరిన చోట కూడా ‘గాలివాన’ అని అర్థమైంది గానీ సముద్రం లేచి ఇంట్లోకి వస్తుందని ఎవరూ ఊహించలేదు.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న అంతే భీకరమైన తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి మృతుల సంఖ్య వెయ్యి లోపు. గాలిలో తేడా లేదు. తేడా అంతా కబురులోనే! ముందుగా చెప్పారు, లక్షల మందిని తరలించారు, తుపాను షెల్టర్లు ఉన్నాయి. ఒక మాట సమయానికి గడప దాకా వస్తే ఎన్ని వేల ప్రాణాలు నిలుస్తాయో చెప్పడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

ఆ తాళంచెవి ఎవరి దగ్గర?

2004 డిసెంబరు 26 నాటి సునామీ మరో సంగతి నేర్పింది. పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అని ఓ మత్స్యకారుల గ్రామం ఉంది. జనాభా మూడున్నర వేల పైచిలుకు. ఆ ఊరి కుర్రాడొకరు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. టీవీలో సునామీ వార్త చూసి ఇంటికి ఫోను చేశాడు. నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయని అటువైపు నుంచి చెప్పారు. వెంటనే బయటికి పరిగెత్తండి, ఊరందరికీ చెప్పండి అన్నాడు.

ఊరందరికీ చెప్పడం ఎలా? ఆ గ్రామంలో ఎం.ఎస్‌.స్వామినాథన్‌ ఫౌండేషన్‌ వాళ్లు పెట్టిన విజ్ఞాన కేంద్రం ఉంది. సముద్రంలో అలల ఎత్తు, వాతావరణం లాంటి వివరాలు రోజూ మైకులో చెప్పేవారు. జనం పరుగున అక్కడికెళ్లారు. తాళం వేసి ఉంది. తలుపు బద్దలు కొట్టారు. మైకు అందుకుని ‘పారిపోండి’ అని కేకేశారు. పడవలు పోయాయి, ఇళ్లు పోయాయి. మనుషులు మాత్రం దక్కారు.

ఈ కథ విన్నవాళ్లంతా సింగపూర్‌ కుర్రాణ్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. కానీ నాకు మాత్రం ఆ తాళం కప్పే గుర్తుండిపోయింది. తలుపు బద్దలు కొట్టాలని తట్టింది కాబట్టి సరిపోయింది. తట్టకపోతే? ‘తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఆయన ఊళ్లో లేకపోతే?’ అన్న ప్రశ్న ఆపద వచ్చాక వేసుకునేది కాదు. ఎండ కాస్తున్నప్పుడే, అందరూ కూర్చుని వేసుకోవాలి. దానికి ఓ మంచి ఉపాయం ఉంది. ముగ్గు!

ఊరంతా కలిసి వేసిన ముగ్గు

నవ్వకండి. నిజంగానే ముగ్గు. 1980ల చివర్లో మన దేశంలో కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టాయి. కర్ణాటకలో మైరాడ, గుజరాత్‌లో ఆగాఖాన్‌ గ్రామీణ సంస్థ అందులో ముందున్నాయి. ఊరి గురించి ఆఫీసర్లు సర్వే చేసి పటం గీయడం కాకుండా, ఊళ్లోవాళ్ల చేతనే నేల మీద ఊరి పటం గీయించడం. చదువు రానివాళ్లు పటం ఏం గీస్తారన్న అనుమానం అప్పటి పెద్దలకూ ఉండేది. గీసి చూపించేసరికి నోళ్లు మూతబడ్డాయి. ఈ పద్ధతిని ప్రపంచానికంతా పరిచయం చేసిన బ్రిటన్‌ పండితుడు రాబర్ట్‌ ఛాంబర్స్‌ 1989 నుంచి 1991 దాకా మన హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్‌ స్టాఫ్‌ కాలేజీలోనే ఉన్నారు. అంటే ఇది ఎక్కడి నుంచో దిగుమతి అయిన చదువు కాదు. చాలావరకు మన పల్లెల్లోనే పుట్టి పెరిగింది.

అలాంటి కార్యక్రమం ఒకటి నేను కళ్లారా చూశాను. కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఓ పల్లె. బడి ఆవరణలో ఆడవాళ్లు ముగ్గుపిండితో వీధులు గీశారు. పసుపుతో కాలవ. ఇటుక ముక్క పంచాయతీ ఆఫీసు. గులకరాళ్లు ఇళ్లు. ముసలివాళ్లున్న ఇంటి మీద చింతగింజ, చంటిపిల్లలున్న ఇంటి మీద కందిగింజ, కడుపుతో ఉన్నవాళ్లుంటే వేపాకు, నడవలేనివాళ్లుంటే అగ్గిపుల్ల. అరగంటలో ఊరు ఊరంతా నేల మీద పరుచుకుంది.

మగవాళ్లు పక్కన ఇంకో పటం గీశారు. అందులో రోడ్డు, సెల్‌ టవరు, సొసైటీ భవనం, చేపల రేవు ఉన్నాయి. ఆడవాళ్ల పటంలో బావులు, కుళాయిలు, ఎవరింట్లో ఎవరున్నారన్న వివరం ఉన్నాయి. రెండూ ఒకే ఊరు. అయినా రెండు ఊళ్లలా కనిపించాయి! అప్పుడర్థమైంది, ఏ ఒక్కరి బుర్రలోనూ ఊరు పూర్తిగా ఉండదని. పదిమంది కూర్చుంటే గానీ ఊరు పూర్తవదని.

ఇక అసలు పని మొదలైంది. నడిపిస్తున్న అమ్మాయి ఓ ఎర్రదారం ఉండ తెచ్చింది. ‘‘మండలాఫీసు నుంచి తుపాను కబురొచ్చింది. ముందు ఎవరికొస్తుంది?’’ అనడిగింది. ఫలానా ఆయనకు అన్నారు. దారం అక్కడ పెట్టింది. ‘‘ఆయన ఎవరికి చెబుతాడు?’’ దారం కదిలింది. అలా దారం గుడి దగ్గర మైకు దాకా వచ్చి ఆగింది. ‘‘అయిపోయిందండీ, మైకులో చెబితే ఊరంతా వింటారు’’ అన్నారు పెద్దలు.

అప్పుడు వెనక నించున్న ఆరో తరగతి కుర్రాడు, ‘‘మా వీధిలో వినపడదు’’ అన్నాడు.

పెద్దలు కోప్పడబోయారు. ఆ అమ్మాయి ఆపి, ‘‘నీకెలా తెలుసు బాబూ?’’ అంది. ‘‘ధనుర్మాసంలో పొద్దున్నే గుడిలో పాటలు పెడతారు కదా, మాకు వినపడితే లేస్తాం. మామూలప్పుడు వినపడతాయి. గాలి సముద్రం వైపు నుంచి కొడితే వినపడవు’’ అన్నాడు వాడు.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తుపాను రోజు గాలి ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో సంగతీ బయటపడింది. తుపాను దగ్గర పడగానే ప్రమాదం లేకుండా ముందుగా కరెంటు తీసేస్తారు. కరెంటు లేకపోతే మైకు లేదు! అంటే సరిగ్గా ఏ గంటలో మైకు కావాలో ఆ గంటలోనే అది మూగబోతుంది. ఏళ్ల తరబడి ‘మైకు ఉందిగా’ అని గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్న ఊరు అది.

పటంలో లేని ఇల్లు

ఆ పూట బయటపడ్డవి ఇంకా ఉన్నాయి. తుపాను షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పమంటే ముగ్గురి పేర్లొచ్చాయి. ముగ్గురూ ‘నా దగ్గర లేదు’ అన్నారు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉండే ఇంకొకరి దగ్గరుందని చివరికి తేలింది. చెవిటి ముసలాయన ఒక్కరే ఉండే ఇల్లు ఒకటుంది. మైకు మోగినా, టముకు వేసినా ఆయనకు ఒకటే. ఎవరో వెళ్లి భుజం తట్టాలి. ఆ ‘ఎవరో’ ఎవరు?

అన్నిటికన్నా పెద్ద సంగతి చివర్లో వచ్చింది. ఓ పెద్దావిడ పటం చుట్టూ రెండుసార్లు తిరిగింది. ‘‘రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు ఏరమ్మా ఇందులో?’’ అనడిగింది. నిజమే! చెరువు గట్ల మీద పాకలేసుకుని కుటుంబాలతో సహా ఉంటున్నారు. వేరే జిల్లాల వాళ్లు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. ఊరి రేషన్‌ జాబితాలో వాళ్ల పేర్లుండవు. ఓటర్ల జాబితాలో ఉండవు. ఏ లిస్టు పట్టుకుని తిరిగినా వాళ్ల పాక తగలదు. సముద్రానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది మాత్రం వాళ్లే. చెప్పినా తెలుగు సరిగ్గా అర్థం కాదు. ఊరి పటంలో పదకొండు గులకరాళ్లు కొత్తగా చేరాయి.

‘‘డెబ్బై ఏడులోనూ ఇంతేనమ్మా. లెక్కలో లేనివాళ్లు ఎంతమంది పోయారో ఎవరికి తెలుసు’’ అంది ఆ పెద్దావిడ, కొంగుతో చేతికంటిన ముగ్గు తుడుచుకుంటూ.

సాయంత్రానికి దారం మారిపోయింది. మైకుకు బ్యాటరీ ఏర్పాటు చేయాలన్నారు. వినపడని రెండు వీధులకూ సైకిలు మీద వెళ్లి ఈల ఊదే కుర్రాళ్లను పెట్టుకున్నారు. చెవిటి తాతకు ఎదురింటి కోడలు పూచీ పడింది. రొయ్యల చెరువులకు చేపల బండి నడిపేవాడు వెళ్తాడు. ఒడియా వచ్చినవాణ్ని ఒకణ్ని వెంట తీసుకెళ్తాడు. షెల్టరు తాళంచెవులు రెండు ఊళ్లోనే ఉండాలి, ఒకటి ఆడవాళ్ల సంఘం దగ్గర. ప్రతి మనిషి పక్కనా ఇంకో పేరు రాశారు, మొదటివాళ్లు ఊళ్లో లేకపోతే చూసుకోవడానికి. ముగ్గును చూసి పెద్ద అట్ట మీద దించుకుని బడి గోడకు తగిలించారు. ఖర్చెంతయిందో తెలుసా? ముగ్గుపిండి, దారం ఉండ, మధ్యాహ్నం అందరికీ టీ!

ప్రపంచమంతా ఇదే ముగ్గు

మన పల్లెలో ముగ్గుతో చేసింది ఇంకోచోట కంప్యూటర్లతో చేశారు. 2010 జనవరి 12న హైతీ దేశంలో భూకంపం వచ్చి రాజధాని పోర్ట్‌ ఓ ప్రిన్స్‌ కుప్పకూలింది. సహాయానికి వెళ్లినవాళ్ల దగ్గర ఆ నగరానికి సరైన పటమే లేదు. అప్పుడు ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న వందలాది మంది తమ ఇళ్లలో కూర్చుని, ఉపగ్రహ చిత్రాలు చూస్తూ ‘ఓపెన్‌ స్ట్రీట్‌ మ్యాప్‌’లో ఒక్కో వీధీ గీశారు. కొద్ది రోజుల్లోనే నగరం పటం తయారైంది. శిథిలాల మధ్య ఉన్నవాళ్లు 4636 అనే నంబరుకు మెసేజీ పంపితే, విదేశాల్లో ఉన్న హైతీ వాళ్లు దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, ఎక్కడి నుంచి వచ్చిందో పటం మీద గుర్తుపెట్టేవారు. దీనికి వాడిన ‘ఉషాహిది’ అనే ఏర్పాటు కూడా కెన్యాలో 2008లో ఎన్నికల గొడవలప్పుడు పుట్టిందే. ఆ మాటకు స్వాహిలి భాషలో సాక్ష్యం అని అర్థం.

గమనించారా? అక్కడా భాష తెలిసినవాళ్లు కావాల్సి వచ్చింది. వీధి పేరు విని ‘అది ఫలానా చర్చి వెనక’ అని చెప్పగలిగేవాళ్లు కావాల్సి వచ్చింది. పరికరం ఏదైనా ఆ ఊరి మనిషి లేకుండా పటం పూర్తి కాదు.

అన్ని తీగలూ తెగిపోయినప్పుడు మనల్ని ఆదుకున్నవాళ్లనీ తలుచుకోవాలి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్‌ రేడియో సంస్థ తరఫున భారతీప్రసాద్‌ గారి బృందం అండమాన్‌కు వెళ్లింది. దేశదేశాల హ్యామ్‌ రేడియో మిత్రులతో మాట్లాడటం కోసం. సరదాగా మొదలైన ఆ ప్రయాణం మధ్యలో సునామీ విరుచుకుపడింది. ఫోన్లు మూగబోయిన పోర్ట్‌బ్లెయిర్‌ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు పంపింది ఆ రేడియోనే. ‘అన్నీ పోతే ఏది పనిచేస్తుంది?’ అన్న ప్రశ్నకు మన పటంలో కూడా ఓ జవాబుండాలి. అది హ్యామ్‌ రేడియోనే కానక్కర్లేదు. ఈల కావచ్చు, డప్పు కావచ్చు, సైకిలు మీద కుర్రాడు కావచ్చు.

ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి కదా అంటారా? ఉన్నాయి. 2023లో మనలో చాలామంది ఫోన్లు ఉన్నట్టుండి గట్టిగా కూత పెట్టాయి, గుర్తుందా? ఆపద సమయంలో ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపేందుకు ప్రభుత్వం చేసిన పరీక్ష అది. చాలా మంచి ఏర్పాటు. కాకపోతే ఆ రోజు మా ఇంట్లో మోగిన మూడు ఫోన్లలో ఒకటి అమ్మది. ఆవిడ కంగారుపడి ఫోను పప్పుల డబ్బాలో పెట్టి మూత బిగించింది! కబురు ఫోను దాకా రావడం ఒక ఎత్తు. అది మనిషికి అర్థమై, కాళ్లు కదలడం ఇంకో ఎత్తు. ఆ చివరి అడుగు ఇప్పటికీ పక్కింటివాళ్లే వేయించాలి.

మీ ఇంట్లో... ఈ మధ్యాహ్నం

దీనికి తుపానే రావాలని లేదు. వరద రావచ్చు, అపార్ట్‌మెంటులో మంటలు రావచ్చు, రాత్రిపూట పెద్దవాళ్లకు గుండెనొప్పి రావచ్చు. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఓ గంట కేటాయించండి. పాత క్యాలెండరు వెనకవైపు తెల్లగా ఉంటుంది, అది చాలు.

ముందు మీ ఇల్లు గీయండి. చుట్టూ పదిళ్లు. వీలైతే ఆ ఇళ్లవాళ్లను కూడా పిలవండి, పకోడీలు వేస్తే కాదనరు. పెన్సిలు మాత్రం పిల్లల చేతికివ్వండి. పెద్దవాళ్లు పటం గీస్తే అందంగా ఉండాలని చూస్తారు, పిల్లలు ఉన్నదున్నట్టు గీస్తారు. ఏ గేటుకు తాళం వేసి ఉంటుందో, ఏ గోడ దూకొచ్చో వాళ్లకే తెలుసు!

తర్వాత ఒంటరిగా ఉండేవాళ్లు, నడవలేనివాళ్లు, వినపడనివాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇళ్లకు గుర్తులు పెట్టండి. వాచ్‌మన్‌ కుటుంబాన్ని, పక్కనే కడుతున్న బిల్డింగులో ఉంటున్న కూలీలనూ మర్చిపోకండి. పటాల్లో ఎప్పుడూ ఎగిరిపోయేది వాళ్లే.

ఇప్పుడు బాణాలు గీయండి. అర్ధరాత్రి కబురొస్తే ముందు ఎవరికి తెలుస్తుంది? వాళ్లు ఎవరికి చెబుతారు? బాణం ప్రతి ఇంటికీ చేరిందా? ఏ ఇంటికీ ఒక్క బాణమే ఉండకూడదు, రెండుండాలి. కబురు అందుకున్నవాళ్లు ‘అందింది’ అని తిరిగి చెప్పే బాణం కూడా ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. చెప్పేశాం కదా అని చెప్పినవాళ్లు అనుకుంటారు. విన్నారో లేదో ఎవరూ చూడరు.

ఆ తర్వాత ఆట మొదలుపెట్టండి. ఒకరు ‘కరెంటు పోయింది’ అనాలి. కరెంటు మీద ఆధారపడ్డ బాణాలన్నీ కొట్టేయండి. ఇంకొకరు ‘సెల్‌ టవరు పడిపోయింది’ అనాలి. మళ్లీ కొట్టేయండి. ‘పై ఫ్లోరు అంకుల్‌ ఊరెళ్లారు’ అనాలి. ఇంకో బాణం పోయింది. చివరికి ఏ ఇంటికి ఒక్క బాణమూ మిగల్లేదో చూడండి. ఆ ఇంటి కోసమే మీరు ఇంత సేపూ కూర్చున్నది. అక్కడికి కొత్త దారి వెతకండి.

ఇంకో రెండు చిన్న పనులు. మీ చుట్టాల్లో వేరే ఊళ్లో ఉండే ఒకరిని ‘కబురు కేంద్రం’గా పెట్టుకోండి. ఆపదలో ఇంట్లో ఎవరు ఎక్కడున్నా వాళ్లకే ఫోను చేసి ‘క్షేమం’ అని చెప్పాలి. మాటలు కలవనప్పుడు కూడా ఒక్కోసారి మెసేజీ వెళ్తుంది, అది ప్రయత్నించాలి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి పర్సులో, పిల్లల స్కూలు బ్యాగులో పెట్టండి. 112, 108తో పాటు జిల్లా విపత్తుల కంట్రోల్‌ రూము 1077 కూడా రాయండి. ఫోను చచ్చిపోతే మనకు సొంత ఇంటి నంబరు కూడా గుర్తుండని రోజులివి.

ఒక్క జాగ్రత్త. ఎవరింట్లో ఎవరు ఒంటరిగా ఉంటున్నారో చెప్పే పటం అది. దాన్ని ఫొటో తీసి ఊరందరి వాట్సాప్‌ గ్రూపుల్లో పెట్టకండి. దొంగలకు కూడా వాట్సాప్‌ ఉంటుంది! ఆ పదిళ్లవాళ్ల దగ్గరే కాగితం మీద ఉంటే చాలు. ఆ గుర్తు పెట్టేముందు ఆ ఇంటివాళ్లను ఒక మాట అడగడం మర్యాద కూడా.

పటం గీశాక అయిపోయిందనుకోకండి. అద్దెకుండేవాళ్లు మారతారు, పిల్లలు చదువులకు వెళ్లిపోతారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లవుతారు. ఏడాదికోసారి, వానలు మొదలయ్యేలోగా మళ్లీ గీయాలి. ముగ్గు ఎందుకు మంచిదో తెలుసా? అది చెరిగిపోతుంది. చెరిగిపోతుంది కాబట్టే మళ్లీ వేయడానికి నలుగురూ మళ్లీ కలుస్తారు. గోడకు అంటించిన ఖరీదైన పటం అలాగే ఉండిపోతుంది, ఊరు మాత్రం మారిపోతుంది.

అక్క వాళ్ల క్యాలెండరు

హుద్‌హుద్‌ తర్వాత సంక్రాంతికి విశాఖ వెళ్లాను. అక్క వాళ్ల వంటింట్లో ఫ్రిజ్‌ పక్కన పాత క్యాలెండరు ఒకటి తిరగేసి తగిలించి ఉంది. వెనకవైపు రెండు వీధులు, ఇరవై రెండు ఇళ్లు, బోలెడన్ని బాణాలు. గీసింది మా మేనకోడలు. ‘‘వీధివాళ్లందరం కూర్చుని గీశాం మామయ్యా. అందరి దగ్గరా తలా ఒకటి ఉంది’’ అంది.

వెనక వీధిలోని టీచరుగారి ఇంటికి మూడు బాణాలున్నాయి. అందులో ఒకటి అక్క వాళ్ల వంటింటి కిటికీ నుంచి. ‘‘రోజూ పొద్దున ఏడింటికి ఆవిడ బాల్కనీ తీగ మీద పచ్చ తువ్వాలు ఆరేస్తారు. కనిపిస్తే అంతా బాగున్నట్టు. ఎనిమిదైనా కనిపించకపోతే నేను వెళ్తా. నేను లేకపోతే పక్కింటి పిన్నిగారు’’ అంది అక్క.

విశేషమేమిటంటే ఆ టీచరుగారి ఇంటి నుంచి కూడా ఓ బాణం బయల్దేరి వేరే ఇంటికి వెళ్తోంది. అదేమిటి, ఆవిడ నడవలేరు కదా అన్నాను. ‘‘నడవలేరు గానీ మాట్లాడగలరుగా! వాచ్‌మన్‌ భార్యకు చదువు రాదు. మెసేజీ ఏమొచ్చినా ఆవిడ బాల్కనీలోంచి కేకేసి చదివి చెప్పాలి. అడిగి మరీ వేయించుకున్నారు ఆ బాణం’’ అంది అక్క.

మర్నాడు పొద్దున్నే లేచి కాఫీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర నించున్నాను. ఏడు దాటి రెండు నిమిషాలైంది. ఎదురు బాల్కనీలోకి కర్ర చప్పుడు చేసుకుంటూ ఓ పెద్దావిడ వచ్చారు. తీగ మీద పచ్చ తువ్వాలు ఆరేసి, మా కిటికీ వైపు చూసి చెయ్యి ఊపారు. కబురు అందింది.